జూన్ మాసపు జన్మదినములు



ఈ నెలలో పుట్టిన మహనీయులను గూర్చియు, ఈ నెలలో జరిగిన ఘనకార్యములను గూర్చియు కొంచెము వినోదముగా మాటలాడుమని రేడియోవారు నన్నడిగిరి. నెల యేదని నేనడిగితిని. జూన్ అని చెప్పిరి. నాకు నవ్వాగినది కాదు. ఏలనన, ముప్పదియైదేండ్లు నల్లగొండ, మహబూబునగరు జిల్లాల పల్లెబడులలో పనిచేసి పింఛను పుచ్చుకొన్నవాడను. జూన్ మాసమున జన్మించినవారి పట్టిక వ్రాయవలసివచ్చిన, అందులో కొన్ని వందల పేర్లు నేను పుట్టించినవే యగును.

నా మాట మీలో పలువురకు అప్పుడే అర్థమై యుండును. మీ ఓటరుకార్డు నొక్కసారి తీసి చూచుకొనుడు. జూన్ 1 అని యున్నదా? అట్లయిన మీ గురువుగారును నా వంటివారే. జూలై 1 అని యున్నదా? అది వేఱొక సంప్రదాయము. మా పొరుగూరి బడిలో నొక ఉపాధ్యాయు డుండెడివాడు. ఆయనకు జూలై 1 మీద మక్కువ, నాకు జూన్ 1 మీద. కావున సూర్యుడు వృషభరాశిలో నుండగా నా శిష్యులును, మిథునరాశిలో నుండగా ఆయన శిష్యులును గుంపులు గుంపులుగా జన్మించిరి. ఆ రెండూళ్లలో తక్కిన పది నెలలును మంత్రసానికి పని లేదని లెక్కలు చూచువారు తలపవలసినదే.

ఇది యెట్లు జరిగెనో చెప్పెదను. వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన నాడు తండ్రి పిల్లవానిని చేయిపట్టి తెచ్చును. ఒకటవ తరగతిలో చేర్చుటకు అయిదేండ్లు నిండవలెను. "వీడెప్పుడు పుట్టినాడు?" అని నేనడుగుదును. "మా పెద్దనాయిన సచ్చిన యేడు సారూ" అని తండ్రి చెప్పును. ఆ పెద్దనాయన యెప్పుడు చచ్చినాడని యడిగిన, "మా బాయిల పూడిక తీసిన యేడు" అనును. బావిలో పూడిక యెప్పుడు తీసిరని నేనడుగలేదు. పిల్లవానితో "కుడిచేయి నెత్తిమీదినుండి త్రిప్పి యెడమచెవి ముట్టుము" అందును. చెవి యందిన అయిదేండ్లు నిండినట్లు. అందకున్న మఱుసటి యేడు. ఈ పరీక్ష మన దేశమున ఎన్ని బడులలో జరిగెనో లెక్కలేదు. చేయి చెవినందుట యేటి సంగతి చెప్పునేకాని నెలను, దినమును చెప్పదు గదా! అడ్మిషను రిజిస్టరులో తేది గడి ఖాళీగా నుండరాదు. ఆ గడిలో జూన్ 1 చేరెడిది.

ఈ కాలమున పిల్లలు తమ పుట్టినరోజున తరగతిలో చాక్లెట్లు పంచుచున్నారు. నా శిష్యులు పంచదలచిన, అందఱును ఒక్కనాడే పంచువారు, పుచ్చుకొనువాడు లేడు. పైగా ఆనాటికి బడులు తెరువనే తెరువరు.

మన పల్లెవారికే యిట్టి కల్పిత జన్మదిన మబ్బినదని చిన్నబుచ్చుకొనవలదు. ఇంగ్లండు రాజునకును జూన్ మాసమున నొక జన్మదినము కలదు. ఏడవ యెడ్వర్డు 1841 నవంబరు 9వ తేదిని జన్మించెను. నవంబరులో లండను నగరమున చలియు, వానయు, మంచును. సైన్యముల కవాతు చూడ వచ్చినవారు వణకి పోవుదురు. అందువలన పుట్టినది శీతకాలమైనను పుట్టినరోజు వేసవిలో జరుపుట ఆయన కాలమున నలవాటాయెను. ఆఱవ జార్జి డిసెంబరు 14న పుట్టెను. ఆయనకును జూన్ మాసముననే ఉత్సవము. ఇప్పటి రాజగు మూడవ చార్లెసు 1948 నవంబరు 14న పుట్టినవాడు. ఆయన జన్మదినపు కవాతును జూన్ మాసపు శనివారముననే జరుగుచున్నది. అయిదవ జార్జియో నిజముగనే 1865 జూన్ 3న పుట్టి చరిత్రకారులకు శ్రమ తప్పించెను. ఇక పందెపు గుఱ్ఱముల సంగతి: అవి యే నెలలో పుట్టినను భూమికి ఉత్తరార్ధమున జనవరి 1వ తేదిని వాని కన్నింటికిని ఒక యేడు నిండినట్లు లెక్క. మన ముసలివారి యాధారుకార్డులలోను జనవరి 1 తఱచుగా కానవచ్చుచున్నది. ఒకవైపు రాజులతోను, ఒకవైపు గుఱ్ఱములతోను మనకు సామ్యము కుదిరినది.

ఇప్పుడు రేడియోవారు కోరిన మహనీయుల మాట. జూన్ 2 మన రాష్ట్రమునకే జన్మదినము. విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోకసభలోను, 20న రాజ్యసభలోను నెగ్గినది. మార్చి 1న రాష్ట్రపతి సంతకమైనది. అయినను పుట్టుక మాత్రము జూన్ 2న నని నిర్ణయించిరి. చూచితిరా! బిడ్డ యెప్పుడు పుట్టినను రిజిస్టరులో జూన్ చేర్చుట మా యుపాధ్యాయుల పద్ధతి. ఢిల్లీలోను మా వృత్తివాడెవ్వడో యుండెనని నాకు తోచెను. ఒకటి యనక రెండు అని వ్రాయుటలో ఆయన మాకంటె నేర్పరి. ఆ నేర్పెట్టిదో ముందు చెప్పెదను.

జిల్లాల మాట వేఱు. 2016 అక్టోబరు 11న మన నల్లగొండ జిల్లా మూడై, సూర్యాపేటయు, యాదాద్రి భువనగిరియు వేఱు కాపురములు పెట్టినవి. మహబూబునగరునుండి నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేఱుపడినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడ వెళ్లిపోయినది. ఆ అక్టోబరు 11 విజయదశమి. కావున రాష్ట్రమునకు ఇంగ్లీషు తేది ప్రకారము జన్మదినము, జిల్లాలకు తిథి ప్రకారము. సూర్యాపేటవారు తమ జిల్లా పుట్టినరోజు అక్టోబరు 11న జరుపుకొనవలెనా, దసరానాడు జరుపుకొనవలెనా యని యెవ్వరైన నన్నడిగిన, రెండు దినములును సెలవిమ్మనియే నా తీర్పు.

జూన్ 4. 1908వ సంవత్సరమున ఆనాడు భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో రావి నారాయణరెడ్డి గారు జన్మించిరి. ఆంధ్రమహాసభకు 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను అధ్యక్షులు. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి లోకసభకు నిలిచి మూడు లక్షలకు మించిన ఓట్లు తెచ్చుకొనిరి. దేశమంతటిలో అప్పుడెవ్వరికిని అన్ని ఓట్లు రాలేదు, జవహర్‌లాలు నెహ్రూ గారికి కూడ. ఆయన పుట్టిన నాలుగు నెలలు నిండకమునుపే, సెప్టెంబరు 28న, మూసీనది పొంగి హైదరాబాదును ముంచి మన జిల్లాలోనికి వచ్చినది. కావున ఆయనతోడివారు "మూసీ పొంగిన యేటి పిల్లలు". ఆ యేడు మన పంచాంగమున కీలక, సర్కారు కాగితములలో 1317 ఫసలీ, ఇంగ్లీషువారికి 1908.

ఫసలీ యనగా నేమో యిప్పటి చిన్నవారికి తెలియదు. నైజాము రాజ్యమున కచేరీలకు ఆ లెక్కయే. అక్టోబరు మొదటివారమున ఆజూరు నెలతో ఏడు మొదలు. జూన్ ఇంచుమించుగా అమర్‌దాదు. దానికి తోడు మసీదులో హిజ్రీ, గుడిలో పంచాంగము, రైలుస్టేషనులో ఇంగ్లీషు తేది. ఒక్క శిశువునకు నాలుగు జన్మదినములు. పుట్టుక చావుల లెక్క పోలీసు పటేలు చేతిలో నుండెడిది. ఆయన వ్రాసినది కొంత చెదలు తినినది, కొంత వానకు తడిసినది.

వనపర్తినుండి 1952లో శాసనసభకు వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టిరి. నాలుగు దినము లాగియుండిన నా పట్టికలో చేరెడివారు. తెలంగాణమున కవులు లేరని యెవ్వరో యనగా, ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక ప్రకటించి 354 మంది కవులను చూపిరి. చాంద్రమాన సంవత్సరమునకు దినములును 354. దినమున కొక్క కవి! అధికమాసము వచ్చిన యేట కవులు చాలకపోవుదురేమో కాని, మామూలు యేడునకు సరిపోవుదురు.

జూన్ 21న రెండు స్మరణలు. 1991లో ఆనాడు పాములపర్తి వెంకట నరసింహారావు గారు భారతదేశ ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. 2011లో ఆనాడే ఆచార్య జయశంకరు గారు రాష్ట్రమును చూడకయే కన్నుమూసిరి. నరసింహారావు గారి జన్మదినమును జూన్ మాసమే: 1921 జూన్ 28, దుర్మతినామ సంవత్సరము. ఆయన ముఖ్యమంత్రిగా నున్న 1971లోనే మన సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. ఆయన పుట్టినతేది 28 కనుక నే నెన్నడును సందేహింపలేదు. ఏ ఉపాధ్యాయుడును 28 అను అంకెను ఊరక కల్పింపడు. కల్పించువాడు ఒకటి వ్రాయును, లేదా పదిహేను వ్రాయును.

మహనీయుల జాబితా యింతటితో చాలును. తిథికిని తేదికిని గల తగవు తీర్చి ముందునకు సాగుదము. మన పెద్దలు పుట్టినరోజును తిథిచొప్పున చేసికొందురు. పండ్రెండు చాంద్రమాసములు 354 దినములు. సూర్యుని యేడు 365 దినముల పైచిలుకు. ఏటేట పదునొకండు దినములు తఱుగుచుండును గనుక, రెండున్నర యేండ్లు దాటిన పిమ్మట నొక అధికమాసము వేసి సరిచేయుదురు. హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు. అందువలననే రంజాను ఎండలోను, వానలోను, చలిలోను తిరిగి తిరిగి వచ్చుచుండును. ఆ లెక్క ప్రకారము ముప్పదిమూడేండ్లలో నొక యేడు అదనముగా కలసివచ్చును. మన లెక్కలో 235 చాంద్రమాసములు పందొమ్మిది సౌరవత్సరములకు ఇంచుమించు సమానము. కావున మీ పుట్టిన తిథియు, పుట్టిన తేదియు మరల చేయి చేయి కలుపునది పందొమ్మిదవ యేట, మరల ముప్పదియెనిమిదవ యేట, మరల ఏబదియేడవ యేట. ఒక్కొక్కప్పుడు ఒక దినము అటు నిటుగా నుండవచ్చును. మనుమని పుట్టినరోజు ఎప్పుడని కోడలితో వాదమాడు తాతలు ఆ యేండ్లలో మాత్రము విశ్రాంతి తీసికొనవచ్చును.

నా సంగతి చెప్పవలెనా? నేను వికారినామ సంవత్సర కార్తికమాసమున పుట్టితిని. అనగా 1959 నవంబరు. మా అమ్మ చెప్పిన తిథినాడే నేటికిని ఇంటిలో పాయసము వండుదురు. కాని మా ఊరి బడిలో నా గురువు నన్ను 1958 జూన్ 1న పుట్టించెను. నాకు గురువు చేసినదానినే నేను శిష్యులకు చేసితిని. విద్య పరంపరగా వచ్చునందురు గదా! ప్రతి సంవత్సరము జూన్ 1 ఉదయము బ్యాంకువారు నా ఫోనునకు జన్మదిన శుభాకాంక్షలు పంపుదురు. ఆనాడు నాకు శుభాకాంక్షలు చెప్పువారు వారొక్కరే. 2019లో వికారి మరల వచ్చినప్పుడు షష్టిపూర్తి చేసికొంటిని. బ్యాంకువారి లెక్కలో అది అప్పటికే పాతబడినది.

ఇక జూన్ 2 వ్రాసినవాని నేర్పు. మేము ఏబదియెనిమిదేండ్లకు కొలువు దిగవలసినవారము. ఆ వయస్సు నిండిన నెల చివరి దినము వరకు పనిచేయవచ్చును. కాని ఒకటవ తేదిని పుట్టినవానికి వేఱు నియమము: అంతకు ముందటి నెల కడపటి దినముననే వాని యేడు నిండినట్లు ఎంచుదురు. జూన్ 1న పుట్టినవాడు మే 31న దిగవలెను. జూన్ 2న పుట్టినవాడు జూన్ 30 వరకు జీతము తీసికొనును. ఒక్క అంకెకు ఒక్క నెల జీతము! నేను 2016 మే 31 సాయంకాలము పూలదండతో ఇంటికి వచ్చితిని. నిజమైన నెలచొప్పున 2017 నవంబరు 30 వరకు ఉండవలసినవాడను. పదునెనిమిది నెలలు నా గురువు కలములో పోయినవి. నా చేతిమీదుగా సర్కారు కొలువులకు వెళ్లిన శిష్యులెందఱు ఒక్కొక్క నెల పోగొట్టుకొన్నారో, పోగొట్టుకొనుచున్నారో! వారిలో నొకడు బస్సులో కలసి, "సారూ, రెండు అని రాస్తే మీ కలం అరుగుతుండెనా?" అని యడిగెను. సర్వీసు పుస్తకమున నొకసారి చేరిన జన్మతేది కదలదు. బండమీద చెక్కినది యొకవేళ కదలునేమో.

ఇంతవరకు నవ్వితిమి. ఇందులో నవ్వరాని భాగ మొకటి కలదు.

పల్లెవారికి పుట్టిన కాలము తెలియదని మేము అనెడివారము. అది మా సోమరితనపు మాట. వారికి తెలియును, మా గడికి పనికివచ్చు భాషలో తెలియదు, అంతే. కార్తెల సంగతి మీకు నేను చెప్పవలెనా? రైతు తల్లి "రోహిణి యెండలల్ల పుట్టిండు" అనిన, మే 25 మొదలు పదునాలుగు దినములలోనని అర్థము. మృగశిర వచ్చునది జూన్ 7 గాని, 8 గాని. ఆరుద్ర 21 గాని, 22 గాని. సూర్యుడు ఇరువదియేడు నక్షత్రములను ఏడాదిలో దాటును గనుక కార్తె యొకటికి పదుమూడు, పదునాలుగు దినములు. చంద్రునితో పనిలేని లెక్క కావున ఇంగ్లీషు తేదితో తప్పక కలసి నడచును. డెబ్బది యేండ్ల కొక్క దినము మాత్రము జరుగును. మొదటి పాదమా, రెండవ పాదమా యని కూడ తల్లి చెప్పగలదు. పంచాంగము ప్రక్కన పెట్టుకొని రెండు నిమిషములు కూర్చున్న, మూడు నాలుగు దినముల యెడములో తేది తేలును. సంవత్సరమునకు కూడ గుర్తులుండెను. 1979 జూలై 11న అమెరికావారి స్కైలాబు పడునని ఊరూర జనము మేకలను, కోళ్లను కోసికొని తిని చావునకు సిద్ధపడిన యేడు ఎవ్వరు మఱతురు? 1980 ఫిబ్రవరి 16న మన జిల్లాలలో పట్టపగలు చీకటి క్రమ్మిన సంపూర్ణ సూర్యగ్రహణము ఎవ్వరు మఱతురు? ఆనాడు వీధిలో కుక్క తప్ప లేదు. నేను పంచాంగము చదివినవాడను. పదిమందికి ముహూర్తములు పెట్టినవాడను. అయినను బడి బల్లముందు కూర్చున్నప్పుడు ఆ శాస్త్రము నాకు జ్ఞాపకము రాలేదు.

1984 జూన్ మాసమున దేవరకొండ తాలూకాలో నొక పల్లెబడిలో నుంటిని. గొఱ్ఱెలు కాచుకొను నొక యాయన తన కొడుకును చేర్చుటకు వచ్చి, వెనుకనే యున్న కూతురును కూడ ముందునకు నెట్టెను. "ఆడిపిల్ల సారూ, వాళ్ళన్నతోని వస్తది. ఇంట్ల ఎవ్వలుండరు, బడిల కూసోనియ్యుండ్రి" అనెను. తల్లి వాకిటనుండియే చెప్పెను: "గ్రహణం నాడు ఇది కడుపుల ఉండె. నన్ను చీకటి అర్రల పండవెట్టిండ్రు. మఖ కార్తె మొదట్ల పుట్టింది." ఇంతకంటె స్పష్టముగా ఏ జ్యోతిష్కుడు చెప్పగలడు? మఖ ప్రవేశించునది ఆగస్టు 16, 17 తేదులలో. పిల్ల 1980 ఆగస్టు మూడవవారమున పుట్టినది. నాలుగేండ్లు కూడ నిండలేదు. చెవి ముట్టుమంటిని. చేయి నడినెత్తి దాటలేదు. తల కొంచెము వంచుమంటిని. వంచెను. అందినది. ఆ యేట నా బడిలో ఆడపిల్లలు ముగ్గురే యుండిరి. నాలుగవది తానై వచ్చినప్పుడు త్రిప్పి పంపుటకు మనసు రాలేదు. రిజిస్టరులో 1979 జూన్ 1 అని వ్రాసితిని. మంచిపని చేసితిననియే ఆనాడు తలచితిని.

పిల్ల చక్కగా చదివినది. పదవతరగతి దాటినది. 1997 జూన్ మాసమున తండ్రి పెండ్లిపత్రికతో వచ్చెను, జ్యేష్ఠమున ముహూర్తము. ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండనిది పెండ్లి చేయరాదని 1978లోనే చట్టము సవరించియుండిరి. నాకు మఖకార్తె తటాలున జ్ఞాపకము వచ్చెను. వ్రేళ్లమీద లెక్కపెట్టితిని: పదునాఱేండ్లు పది నెలలు. "దానికి ఇంకను పదునాలుగు నెలలు కావలెనయ్యా" అంటిని.

ఆయన నవ్వెను. మడిచిన టి.సి. రుమాలులోనుండి తీసి బల్లమీద పెట్టెను. "కాయితం మీద పద్దెనిమిది నిండినయి గద సారూ. రాసింది మీరే. అప్పుడు మీ రాత అబద్ధమా, ఇప్పుడు మీ మాట అబద్ధమా?"

నేను ఆ తేది తప్పని చేవ్రాలుతో వ్రాసియిచ్చియుండిన ఒకవేళ పెండ్లి ఆగెడిది. నా యుద్యోగమునకును ముప్పు వచ్చెడిది. రెండు రాత్రులు ఆలోచించితిని. వ్రాసియియ్యలేదు. పెండ్లికి వెళ్లి అక్షింతలు వేసితిని. భోజనము చేయక వచ్చితిని. ఆ పాటిదే ఆనాటి నా పౌరుషము.

1969లోనే జనన మరణముల నమోదుకు చట్టము పుట్టినది. పల్లెలలో అది నడక నేర్చుటకు చాల కాలము పట్టినది. ఇప్పుడు సంగతి మాఱినది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకైనను, కొలువునకైనను జననపత్రమే పుట్టినతేదికి ఋజువు. ఉపాధ్యాయుని దయతోను, చెవితోను పనిలేదు. కాని మీలో జననపత్రము లేనివారు, వృద్ధాప్య పింఛనుకు వయస్సు చాలదని కార్డు చూపి పంపబడినవారు, ఇంకను ఉన్నారు. వారి యిండ్లలో తొంబది యేండ్ల అవ్వ యెవ్వరైన మిగిలియున్న, ఏ కార్తెయో, ఏ గుర్తో అడిగి యొక కాగితముమీద వ్రాసి పెట్టుకొనుడు. కచేరీలో అది చెల్లునని నేను చెప్పను. ఇంటిలోనైన నిజముండును.

2005 జూన్ మాసమున నేను అచ్చంపేట వైపు నొక ఊరికి బదిలీమీద వెళ్లితిని. అడ్మిషనుల దినమున ఒక స్త్రీ పిల్లను తీసికొని బల్లముందు నిలిచెను. ఆమెయే. ఆ ఊరికే ఆమెను ఇచ్చియుండిరి. "సారూ, నన్ను గుర్తువట్టిండ్రా?" అని, కొంగుముడి విప్పి ప్లాస్టికు సంచిలో దాచిన ఆసుపత్రి కాగితమును తీసెను. తేది, గంట, నిమిషము, బరువు, అన్నియు నుండెను. "గిది మార్చకుండ్రి సారూ" అనెను. మాటలో కోపము లేదు.

నేను కలము తీసి 9-3-2000 అని వ్రాసితిని. ఆమె బల్ల కావలివైపున నిలిచి, తనకు తలక్రిందుగా కానవచ్చు ఆ అంకెలను వ్రేలు పెట్టి యొక్కొక్కటిగా చదువుకొనెను. పిదప కూతురివైపు తిరిగి, "చెవు ముట్టు బిడ్డా, సారు చూస్తడు" అనెను. పిల్ల తల వంచకయే ముట్టెను.